మూడేళ్ల గడువు, మూడు లాటరీలు: ఎంఎస్ తర్వాతి లెక్క

2024-25 విద్యాసంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. ఈ అంకెలోనే ఇంకో అంకె దాగి ఉంది. వీరిలో 1,43,740 మంది చదువు ముగించి ఓపీటీ (చదువు తర్వాత ఇచ్చే పని అనుమతి) మీద ఉన్నవాళ్లు. అంటే పదిమంది ‘విద్యార్థుల్లో’ నలుగురు తరగతి గదిలో లేరు, ఉద్యోగంలోనో ఉద్యోగ వేటలోనో ఉన్నారు. ఎంఎస్‌కు పంపుతున్నాం అంటే నిజానికి మనం కొంటున్నది సుమారు రెండేళ్ల చదువు, దాని వెనకాలే మూడేళ్ల దాకా పని అనుమతి. పిల్లల కెరీర్ ఎటు తిరుగుతుందో తేలేది ఎక్కువగా ఆ రెండో భాగంలోనే.

ఓపీటీ గడువు 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సు చదివితే పొడిగింపు ఉంటుంది. 2008లో 17 నెలలతో మొదలైన ఆ పొడిగింపు 2016లో 24 నెలలైంది. మామూలు ఎంబీఏకు ఒక్క ఏడాదే దొరికి, బిజినెస్ అనలిటిక్స్‌కు మూడేళ్లు దొరకడానికి కారణం సిలబస్ గొప్పతనం కాదు, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం మీద పడే కోర్సు కోడ్. మనవాళ్లలో ఇంతమందికి ఉన్నట్టుండి డేటా మీద ప్రేమ పుట్టడంలో ఆ కోడ్ వాటా తక్కువేమీ కాదని నా అనుమానం.

ఈ గడువులోనూ షరతులున్నాయి. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు. పొడిగింపుతో కలిపి మొత్తం 150 రోజులు. పొడిగింపు కావాలంటే కంపెనీ అమెరికా ప్రభుత్వపు ఈ-వెరిఫై వ్యవస్థలో నమోదై ఉండాలి. దాంతో మెషిన్ లెర్నింగ్ మీద మనసున్న కుర్రాడు కూడా 80వ రోజున చేతికందిన టెస్టింగ్ ఉద్యోగంలో చేరిపోతాడు. తర్వాత రెజ్యూమే ఆ దారినే పెరుగుతుంది.

ఇక హెచ్-1బీ ఉద్యోగ వీసా. ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20,000. 2025 మార్చిలో అర్హమైన రిజిస్ట్రేషన్లు 3,43,981 వస్తే లాటరీలో ఎంపికైనవి 1,20,141, అంటే 35 శాతం. 2024లో అది 29 శాతం, 2023లో 25. స్టెమ్ వాళ్లకు సాధారణంగా మూడు మార్చి నెలలు కలిసొస్తాయి. ఒక్కోసారికి మూడింట ఒక వంతు అవకాశం అనుకుంటే, మూడుసార్లూ పేరు రాకపోయే అవకాశం 27కి 8, దాదాపు 30 శాతం. ఒక్క మార్చితో సరిపెట్టుకోవాల్సిన వాళ్లకు అదే 67 శాతం. అమెరికా మాస్టర్స్ ఉన్నవాళ్ల పేరు రెండు విడతల్లో డ్రాకు వస్తుంది కాబట్టి వాళ్ల పరిస్థితి సగటు కంటే కొంత మెరుగు.

2026 నుంచి ఈ లెక్క కూడా మారింది. జీతాన్ని నాలుగు స్థాయిలుగా చూసి, మొదటి స్థాయివాళ్ల పేరు డ్రాలో ఒకసారి, నాలుగో స్థాయివాళ్ల పేరు నాలుగుసార్లు వేస్తారు. అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ సొంత అంచనా ప్రకారమే మొదటి స్థాయిలో ఎంపికయ్యే అవకాశం సుమారు 15 శాతం, రెండో స్థాయిలో 31, నాలుగో స్థాయిలో 61. దీన్ని మూడు మార్చి నెలలకు వర్తింపజేయండి. మొదటి స్థాయి జీతంతోనే ఉండిపోతే మూడుసార్లూ తప్పిపోయే అవకాశం 61 శాతం, రెండో స్థాయిలో ఉంటే 33 శాతం. తొలి జీతం దగ్గర చేసే బేరానికి ఇంత విలువ మునుపు లేదు. పైగా ఈ స్థాయిలు ఊరిని బట్టి, వృత్తిని బట్టి ఉంటాయి. శాన్ హోసేలో మొదటి స్థాయి అనిపించుకునే జీతం, ఖర్చు తక్కువున్న నగరంలో రెండో స్థాయి కావచ్చు. కాలిఫోర్నియాలోనే ఉండాలన్న పట్టుదల ఉన్నవాళ్లు ఈ ఒక్క విషయం ఆలోచించాలి.

మన ఇళ్లలో ఇలాంటి చర్చ రాగానే ఎవరో ఒకరు సత్య నాదెళ్ల పేరు తీస్తారు. ఆయన 1988లో మిల్వాకీలో ఎంఎస్‌లో చేరారు, 1990లో ముగించారు, 1992లో మైక్రోసాఫ్ట్‌కు వెళ్లారు. 65,000 పరిమితి తొలిసారి నిండింది 1997లో. అప్పటిదాకా లాటరీ అన్న ఊసే లేదు. భార్యను త్వరగా తెచ్చుకోవడానికి 1994లో ఆయన చేతిలో ఉన్న గ్రీన్ కార్డ్ వదిలేసి హెచ్-1బీ తీసుకున్నారు. ఇవాళ ఎవరైనా ఆ పని చేస్తే ఇంట్లోవాళ్లు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు! ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డులకు దేశానికి 7 శాతం పరిమితి ఉంది. 2025 చివర్లో ఈబీ-2 కేటగిరీ కింద మనవాళ్లకు 2013 నాటి దరఖాస్తుల వంతు నడిచింది. నాదెళ్ల ప్రతిభకు తక్కువేమీ లేదు, కానీ ఆయన ఎక్కిన మెట్లు ఇప్పుడు ఆ ఎత్తులో లేవు.

లాటరీ తగలకపోతే తిరిగొచ్చి, రెండేళ్లాగి మళ్లీ వెళ్దామన్న ఆలోచన కూడా ఖరీదైపోయింది. 2025 సెప్టెంబర్ 21 నుంచి అమెరికా బయట ఉన్న వ్యక్తి కోసం వేసే కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. అక్కడే ఉండి విద్యార్థి వీసా నుంచి మారేవాళ్లకు ఆ భారం లేదు. విమానం ఎక్కితే మారిపోయే లెక్క ఇది.

తిరిగి రావడం ఓటమి కాదు. మైక్రోసాఫ్ట్ 1998లోనే హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రం పెట్టింది. ఆ తర్వాత ఎన్ని కంపెనీలు వచ్చాయో గచ్చిబౌలి దారిలో వెళ్లేవాళ్లకు చెప్పక్కర్లేదు. అసలు ఇబ్బంది అప్పుతో. 40 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్ల కాలం అనుకుంటే నెలకు ఈఎంఐ దాదాపు 55,000. డాలర్ జీతంలో అది భరించదగ్గ ఖర్చు, ఇక్కడ కొత్తగా చేరినవాళ్ల జీతంలో సగానికి పైనే పోవచ్చు. అందుకే చాలామంది నచ్చని ఉద్యోగాన్ని కూడా అక్కడే పట్టుకుని వేలాడతారు.

కాబట్టి యూనివర్సిటీ ర్యాంకు కంటే ముందు ఆ కోర్సు స్టెమ్ కిందికి వస్తుందో లేదో చూడండి. నిరుడు ఆ కోర్సు ముగించినవాళ్లు ఏ ఊళ్లో, ఏ స్థాయి జీతంతో చేరారో అడగండి. రూపాయి జీతంతో ఈఎంఐ కట్టగలమా అన్నది కాగితం మీద వేసి చూడండి. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేని కన్సల్టెన్సీకి ఫీజు కట్టకండి.