షుగర్ సెన్సర్ ఉంది సరే... అలారం మోగుతుందా?

మొన్న తెల్లవారుజామున ఓ పెద్దాయనను స్పృహ లేని స్థితిలో క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. ఇన్సులిన్ వాడుతున్నారు. రాత్రి అన్నం సగమే తిన్నారట. షుగర్ చూస్తే 38. గ్లూకోజ్ ఎక్కించాక కళ్లు తెరిచారు. ఆయన చేతికి సెన్సర్ ఉంది. 'మరి ఫోన్ మోగలేదా?' అంటే ఇంట్లోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. యాప్ తెరిస్తే గ్రాఫ్ అర్ధరాత్రి నుంచే కిందికి జారుతోంది. నోటిఫికేషన్లకు మాత్రం అనుమతి లేదు.

యాప్ వేసుకునేటప్పుడు తెర మీద చిన్న పెట్టె వచ్చి ఇంగ్లిషులో అడుగుతుంది, నోటిఫికేషన్లు పంపవచ్చా అని. షాపింగ్ యాప్‌ల గోల భరించలేక మనకు 'డోంట్ అలో' నొక్కడం అలవాటైపోయింది. తప్పు మీదని నేననను. చీరల ఆఫర్‌కీ ప్రాణం మీదికొచ్చే కబురుకీ ఒకేలాంటి పెట్టె పెడితే ఎవరైనా ఏం చేస్తారు? 'వద్దంటే రాత్రి షుగర్ పడిపోయినా ఫోన్ మోగదు' అని తెలుగులో ఒక్క ముక్క రాసి ఉంటే ఆయన ఆ మీట నొక్కేవారా?

ఇది మన దగ్గరి సమస్యే కాదు. ఫోన్ సెట్టింగుల వల్ల ఇలాంటి అలారాలు వినిపించకపోవచ్చని 2025 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ కూడా హెచ్చరించింది.

సెన్సర్ నుంచి మీ ఫోన్‌కు రీడింగ్ బ్లూటూత్‌లో వస్తుంది. అక్కడి నుంచి విదేశంలోని అబ్బాయి ఫోన్‌కు ఇంటర్నెట్‌లో వెళ్తుంది. మీ ఇంట్లో నెట్ పోతే అతనికేమీ తెలియదు. 'వాడు చూస్తున్నాడులే' అన్న ధీమాతో పడుకోకండి. అన్నట్టు, అబ్బాయి బ్రిటన్‌లో ఉంటే అతని ఫోన్‌లో 3.9 అని కనిపించవచ్చు. కంగారు పడొద్దు, 18తో గుణిస్తే మన 70 అవుతుంది.

ఈ రాత్రే ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ నోటిఫికేషన్లు ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. 'డు నాట్ డిస్టర్బ్' పెట్టి పడుకునే అలవాటుంటే ఈ యాప్‌కు మినహాయింపు ఇవ్వండి. ఫోన్ అప్‌డేట్ అయినా, కొత్త బ్లూటూత్ ఇయర్‌ఫోన్ కలిపినా మరోసారి సరిచూసుకోండి.

చెమటలు, వణుకు, గుండెదడ ఉంటే యాప్ ఏం చెప్పినా వేలు గుచ్చి చూసుకోండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే 108కి ఫోన్ చేయండి.