శుక్రవారపు పాటల లెక్క



నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము చిన్నదిగా దోచవచ్చును. ముప్పది యేండ్ల క్రిందట టెలివిజనులో వారమున కొకమాఱు వచ్చుచుండిన సినిమా పాటల కార్యక్రమమును గుఱించియు, ఆ పాటలకు మేము వేసిన లెక్కను గుఱించియు చెప్పదలచితిని. పాట వినుట వేఱు, ఏ పాట మొదటిది, ఏది రెండవది యని లెక్కించుట వేఱు. ఈ లెక్క యెట్లు పుట్టినది, ఎవరు వేసిరి, మన యూరి పాటకు దానిలో చోటేల దొరకలేదు? ఈ మూడు సంగతులను క్రమముగా విన్నవించెదను.

పాటలకు అంకెలు వేయు వాడుక మొదట వర్తకులలో పుట్టినది. అమెరికాలో 'బిల్‌బోర్డు' అను పత్రిక 1940లో గ్రామఫోను రికార్డుల అమ్మకముల ననుసరించి పట్టిక ప్రకటింప నారంభించెను. ఇంగ్లండులో 1952 నవంబరు నెలలో 'న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్' అను వారపత్రిక కొన్ని దుకాణములకు టెలిఫోను చేసి, ఏ రికార్డులు హెచ్చుగ అమ్ముడుపోయినవో విచారించి, 12 స్థానముల పట్టిక నచ్చొత్తించెను. అమ్మకమే ఆ లెక్కకు మూలము. రికార్డుగా అమ్ముడుపోని పాటకు ఆ పట్టికలో నంకె లేదు. ఈ మాట జ్ఞాపకముంచుకొన గోరెదను, మరల దీనికే వత్తును.

అదే 1952 డిసెంబరులో మన ప్రక్కనున్న సింహళమునుండి రేడియో సిలోను 'బినాకా గీత్‌మాలా' అను హిందీ సినిమా పాటల కార్యక్రమమును ప్రసారము చేయ మొదలిడెను. ఆ రోజులలో కేంద్ర మంత్రి బి. వి. కేస్కర్ గారు ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు తగ్గించి యుండిరి. ఇంట దొరకని పాటలకొఱకు జనులు సిలోనువైపు మరలిరి. బినాకా యనునది పండ్లపొడివంటి యొక దంతలేపనము పేరు. దాని నమ్ముకొనుటకై ఆ వర్తకులు పాటలు వినిపించిరి. మొదట నది పందెముగా నుండెను. ఏడు పాటలు వినిపించి, వాని క్రమమును సరిగా వ్రాసి పంపినవారికి బహుమానమిచ్చుచుండిరి. తొలి ప్రసారమునకే 9,000 ఉత్తరములు వచ్చెనట. కొలది కాలములో నది యంకెల పట్టికగా మాఱెను. అంకెలు వేయుటకు దుకాణముల అమ్మకములను, ఊరూర నేర్పడిన శ్రోతల సంఘముల యభిప్రాయములను గూడ చూచుచుండిరి. ప్రతి బుధవారము రాత్రి అమీన్ సయానీ గారి కంఠమునకై వేచియుండినవారు మీలో ననేకు లుందురు. వారు 2024లో పరమపదించిరి. ఆకాశవాణివారు 1957లో వివిధభారతిని నెలకొల్పి సినిమా పాటలకు మరల తలుపు తెఱచిరి.

టెలివిజను మన దేశమున 1959లో ఢిల్లీయందు మొదలైనను, మన రాజధానిలో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977 అక్టోబరు 23న నారంభమయ్యెను. దేశమంతటికి వచ్చు హిందీ పాటల కార్యక్రమము 'చిత్రహార్'. మన కేంద్రమునుండి శుక్రవారము సాయంకాలము వచ్చుచుండిన తెలుగు పాటల కార్యక్రమము 'చిత్రలహరి'. ఆ పేరు జనుల మనస్సులలో నెంత నిలిచినదనగా, 2019లో నొక తెలుగు చలనచిత్రమునకు దానినే పేరుగా పెట్టుకొనిరి. చిత్రలహరిలో అంకెలు లేవు. పాటల నేర్చి కూర్చి వరుసగా చూపెడివారు, అంతే. అంకెల పోటీ దూరదర్శన్ మెట్రో ఛానెలులో వచ్చిన 'సూపర్‌హిట్ ముకాబలా' వంటి హిందీ కార్యక్రమములలో నుండెడిది.

ఆ దశకమున ప్రేక్షకుల యభిప్రాయములు పోస్టుకార్డులమీద పోయెడివి. 'సురభి' యను కార్యక్రమమునకు ఒక్క వారములో 14 లక్షలకు పైగా ఉత్తరములు వచ్చినవి. ఆ తాకిడికి తాళలేక తపాలాశాఖవారు పోటీలకొఱకు ప్రత్యేకమైన కార్డును రెండు రూపాయల వెలకు విడుదల చేసిరి. అప్పుడు మామూలు కార్డు వెల 15 పైసలుగా నుండెను. కూలికి పోవు మనిషి యొక్క జవాబు వ్రాయుటకు రెండు రూపాయలు వెచ్చింపగలడా? లెక్కలో చేరుటకు గూడ కొంత ఖర్చున్నదని దీనివలన దెలియును.

ఇక మా చిట్యాల సంగతికి వత్తును.

మా యూరు హైదరాబాదునుండి విజయవాడకు పోవు పెద్ద బాటమీద, రాజధానికి సుమారు 75 కిలోమీటర్ల దూరమున నున్నది. టెలివిజను తరంగములు ఇంచుమించు తిన్నని దారిలో బోవును. భూమి గుండ్రముగా నుండుటచే దూరము హెచ్చినకొలది అవి మన తలలమీదుగా దాటిపోవును. అందుచేత మావంటి దూరపు టూళ్లలో పొడవైన యినుప గొట్టమునకు యాంటెనా కట్టి మిద్దెమీద నిలుపవలసి వచ్చెడిది. గాలికది తిరిగినచో బొమ్మ పోయి తెఱమీద చీమలు పాఱెడివి. ఒకడు మిద్దె యెక్కి త్రిప్పుచుండ, క్రిందివారు "వచ్చింది, వచ్చింది, అయ్యో పోయింది" యని కేకలు వేసెడివారు.

మా వాడకట్టున ఒక కిరాణా దుకాణదారుని యింట నలుపు తెలుపుల టీవీ పెట్టె యుండెను. శుక్రవారము సాయంకాలమున ఆ యింటి వాకిట చాపలు పఱచెడివారు. నేనప్పుడు నల్లగొండలో చదువుకొనుచు వారాంతమున ఇంటికి వచ్చుచుంటిని. పట్నమున నుండు చుట్టములు ముకాబలా సంగతి చెప్పగా విని, మన చిత్రలహరికి గూడ అంకెలుండవలెనని నాకు బుద్ధి పుట్టెను. ఒక నోటుపుస్తకము గొని, ప్రతి శుక్రవారము వచ్చిన పాటల పేరులు వ్రాయజొచ్చితిని. కార్యక్రమము ముగిసిన పిమ్మట అరుగుమీద పాట కొక గిన్నె చొప్పున వరుసగా నుంచి, వచ్చినవారి చేతికి తలకొక చింతగింజ నిచ్చెడివాడను. ఎవరి కే పాట నచ్చినదో ఆ గిన్నెలో గింజ వేయవలెను. గింజలను లెక్కించి మఱునాడు దుకాణపు గోడమీద సుద్దముక్కతో అంకెలు వ్రాసెడివాడను. 'అల్లరి ప్రియుడు', 'ప్రేమికుడు', 'శుభసంకల్పం' మొదలగు చిత్రముల పాటలు ఆ పుస్తకమున మాటిమాటికి కనబడును. కుఱ్ఱవాండ్రు గింజలను దొంగిలించి తమ పాటకే రెండేసి వేయుటయు, దానిపై తగవులు పడుటయు జరుగుచుండెను. లెక్క యున్నచోట దొంగలెక్కయు నుండును గదా!

1995లో బతుకమ్మ పండుగ దినములలో నొక శుక్రవారము వచ్చెను. వాకిట తంగేడు, గునుగు పూలతో పేర్చిన బతుకమ్మలు దించియుండెను. ఆడువారు చుట్టును తిరుగుచు చప్పట్లు చఱచి పాడుచుండిరి. చిత్రలహరి వేళ కాగానే వలయములోని ఆడపిల్ల లొకరి వెనుక నొకరు జాఱి దుకాణదారుని వాకిటికి వచ్చి కూర్చుండిరి. వలయమున నలుగురైదుగురు ముసలివారు మాత్రము మిగిలిరి. వారిలో మా నాయినమ్మ యొకతె. ఆమె పాట నాపలేదు. పిల్లలు వెళ్లిన పిమ్మట గొంతు కొంచెము తగ్గించి పాడెను.

కార్యక్రమము ముగిసెను. నేను గిన్నెలు పెట్టితిని. నాయినమ్మ కూడ వచ్చి చేయి చాచెను. ఆమెకును ఒక చింతగింజ నిచ్చితిని. ఆమె గిన్నెల నన్నిటిని వరుసగా చూచి, "మా పాటకు గిన్నేదిరా కొడుకా?" అని యడిగెను. అందఱును నవ్విరి, నేనును నవ్వితిని. "నీ పాట టీవీల రాలేదు గదనే" అని బదులు చెప్పితిని. ఆమె కోపింపలేదు. గింజను నా చేతిలో మరల బెట్టి లోనికి బోయెను.

ఆ ప్రశ్నకు సరియైన బదులు నాకు చాలకాలమునకు గాని దొరకలేదు. ఓట్లు వేయువారు పలువురైనను, గిన్నెలు పెట్టినవాడ నేనొక్కడనే. నేను పెట్టని గిన్నెలో నెవ్వరును గింజ వేయజాలరు. ఇంగ్లండు పత్రికవారు దుకాణములో నమ్మిన రికార్డులకు గిన్నెలు పెట్టిరి. దంతలేపనపు వర్తకులు సినిమా పాటలకు బెట్టిరి. నేను హైదరాబాదునుండి వచ్చిన పాటలకు బెట్టితిని. వాకిట నా చెవిలో పడుచున్న పాట నాకు పాటగా దోచలేదు.

ఇందుకు మఱియొక కారణము గూడ కలదు. లెక్కింపవలసిన వస్తువు అంతటను ఒక్క తీరుగా నుండవలెను. రికార్డులోని పాట చిట్యాలలోను, చెన్నపట్నములోను ఒక్కటే. మన బతుకమ్మ పాట యట్లు కాదు. రాగ మొకటే యైనను, పాడు మనిషి తన యూరి సంగతి, తన పుట్టింటి సంగతి, ఆ యేటి కఱవో వరదయో అందులో చేర్చుకొనును. ఆ మార్పే దానికి ప్రాణము, ఆ మార్పే దానిని లెక్కకు అందనీయలేదు.

నాయినమ్మ 1998లో కాలధర్మము నొందెను. ఆమె పాడుచుండిన వానిలో నొక పొడవైన పాట కలదు. ఒక యేట చెఱువుకట్ట తెగుట, ఏ యింటివారు గంపలతో మన్ను మోసిరి, ఏ యింటి కోడలు చంటిబిడ్డను గట్టున పరుండబెట్టి పనికి దిగెను అను సంగతులు అందులో వరుసగా వచ్చెడివి. అది మా వాడకట్టు చరిత్ర యని యిప్పుడు తెలియుచున్నది. నాకు దాని రాగము, అక్కడక్కడ నాలుగైదు ముక్కలు మాత్రము జ్ఞాపకమున్నవి. మిగిలిన ముసలివారిని అడుగగా ఒకరు చెప్పిన ముక్క మఱియొకరి ముక్కతో కలియలేదు.

నా నోటుపుస్తకము మాత్రము భద్రముగా నున్నది. అందులోని పాటలను నేడు చేతిలోని ఫోనులో ఏ క్షణమునైనను వినవచ్చును. అవి నా పుస్తకము లేకున్నను నిలిచెడివే. నిలువవలసినదానిని వ్రాయక, నిలుచువానినే వ్రాసితిని. అప్పటి సినిమా పాటలను నేను దూషించుట లేదు. అవి మధురమైనవి, ఇప్పటికిని విందును. నా తప్పు వానిని వ్రాయుట కాదు, వానినే వ్రాయుట.

వ్రాసి యుంచినందున నిలిచిన మన పాటలు లేకపోలేదు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని సుద్దాల గ్రామమునకు చెందిన సుద్దాల హనుమంతు గారు తెలంగాణ సాయుధ పోరాట కాలమున పల్లె బాణీలలో పాటలు కట్టిరి. ఏ దుకాణమునను వానికి అంకె లేదు. అయినను అవి నోటినుండి నోటికి నడచినవి, వారి పాట 'మా భూమి' చలనచిత్రమున గూడ చేరినది. వారి కుమారులు సుద్దాల అశోక్ తేజ గారు 'ఠాగూర్' చిత్రమున వ్రాసిన పాటకు జాతీయ బహుమానము నొందిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా నుండిన బిరుదురాజు రామరాజు గారు జానపద గేయములను సేకరించి, వానిపై పరిశోధన గ్రంథము రచించిరి. ఊరివారి పాటకు విశ్వవిద్యాలయమున పీట వేసినవారిలో వారు ముఖ్యులు.

2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిమ్మట బతుకమ్మ రాష్ట్ర పండుగ యయ్యెను. ఇప్పుడు ఏటేట క్రొత్త బతుకమ్మ పాటలు చిత్రించి యూట్యూబులో విడుదల చేయుచున్నారు. చూచినవారి సంఖ్యను ఆ యంత్రమే లెక్కించుచున్నది. అనగా నాయినమ్మ పాటకు గూడ తుదకు ఒక గిన్నె దొరకినదని సంతోషింపవచ్చును. కాని యందఱకు పనికివచ్చునట్లు కట్టిన క్రొత్త పాటలో మన చెఱువుకట్ట యుండదు, మన్ను మోసినవారి పేరులుండవు. ఆ పాటను మనమే కాపాడుకొనవలెను.

అందుచేత పెద్దలైన మీకొక మనవి. మీ యింట పాటలు వచ్చిన ముసలివా రున్నచో, రానున్న పండుగవఱకు ఆగవలదు. మనుమలచేత ఫోనులో ఆ పాటను పూర్తిగా పట్టింపుడు. పిమ్మట నొక పుస్తకమున పాడినవారి పేరు, వారికి నేర్పినవారి పేరు, ఊరు, నాట్లకా కోతలకా పండుగకా ఏ పనికి పాడుదురు అను సంగతి వ్రాయింపుడు. మాట తప్పుగా దోచినను దిద్దవలదు. మీకు తప్పుగా దోచిన మాట ఆ కాలపు పలుకై యుండవచ్చును. ఒకే పాటను ఇద్దఱు రెండు తీరుల పాడినచో రెండును వ్రాయింపుడు. ఏది గొప్పదని అంకె వేయవలదు.

ఆనాడు నాయినమ్మ మరల నిచ్చిన చింతగింజను నేను ఏ గిన్నెలో వేసితినో, పాఱవైచితినో జ్ఞాపకము లేదు. నా పుస్తకములో ఆ శుక్రవారపు పుటయందు అయిదు పాటల పేరులు, వాని ప్రక్కన అంకెలు కలవు. ఇటీవల వాని క్రింద ఆరవ పంక్తిగా నాకు జ్ఞాపకమున్న ఆ నాలుగైదు ముక్కలను వ్రాసి, ప్రక్కన అంకె వేయక విడిచితిని.