పాత లేత్, పాత మిల్లింగ్ మెషిన్: అరుగుదలను చదవడం ఎలా?

హైదరాబాదు బాలానగర్, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఒక చిన్న వర్క్‌షాపు మూతపడినా, సీఎన్‌సీ యంత్రాలకు మారినా పాత లేత్ అమ్మకానికి వస్తుంది. ఇంటి దగ్గర షెడ్డు వేసుకుని సొంతంగా లోహపు పని చేయాలనుకునే వారికి అది మంచి అవకాశం. బల్ల మీద పెట్టుకునే కొత్త చిన్న లేత్‌ను ఇద్దరు మనుషులు ఎత్తగలరు. ఆరడుగుల పాత లేత్ మాత్రం టన్నుకు అటూఇటూగా తూగుతుంది. లోహాన్ని కోసే పనిలో ఈ బరువుకు చాలా విలువ ఉంది. టూల్ ఇనుమును ఎంత బలంతో కోస్తుందో, ఇనుము టూల్‌ను అంతే బలంతో వెనక్కి నెడుతుంది. ఆ నెట్టుడుకు యంత్రం ఏ కాస్త వంగినా జాబ్ (కోస్తున్న ముక్క) కొలత మారిపోతుంది. వణికితే జాబ్ ఒంటినిండా అలలు తేలుతాయి. బరువైన బీడు శరీరం అంత తేలిగ్గా వంగదు. పైగా బీడులో, అంటే పోత ఇనుములో, సన్నని రేకుల్లా పరుచుకుని ఉండే గ్రాఫైట్ ప్రకంపనలను తనలోనే అణిచేస్తుంది.

పాత యంత్రం అరిగి ఉంటుందని అందరికీ తెలుసు. కొనేవారు సాధారణంగా అడిగేది ఎంత అరిగిందని. అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ఎక్కడ అరిగింది, ఎలా అరిగింది అన్నది. అంతటా ఒకేలా అరిగిన భాగంతో నేర్పున్న చేయి పని చేయించుకోగలదు. ఒకచోట ఎక్కువగా, మరోచోట తక్కువగా అరిగిన బెడ్ (టూల్‌ను మోసే బండి నడిచే పట్టాల దిమ్మ) మాత్రం ఎంత నేర్పరినైనా ఓడిస్తుంది.

దీనికి కారణం లేత్ పుట్టుకలోనే ఉంది. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే మరలు కోసే ఇనుప లేత్‌ను రూపొందించాడు. టూల్‌ను మనిషి చేతిలోంచి తప్పించి, తిన్నని పట్టాల మీద నడిచే బండికి అప్పగించడం అందులోని కీలకం. అప్పటి నుంచి జాబ్ తిన్నదనం పనివాడి చేతి మీద కాక పట్టాల తిన్నదనం మీద ఆధారపడింది. మరి ఆ పట్టాలను చదును చేయడం ఎలా? మాడ్‌స్లే వర్క్‌షాపులో పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1840లో బ్రిటిష్ విజ్ఞానుల సభ ముందు ఈ విషయం మీద పత్రం చదివాడు. రెండు పలకలను ఒకదానితో ఒకటి సరిపోల్చి గీరుతూ పోతే, ఒకటి ఉబ్బెత్తుగానూ మరొకటి దానికి తగ్గ గుంటగానూ తయారై కూడా చక్కగా అతుక్కోవచ్చు. మూడు పలకలను జతలు మారుస్తూ సరిపోలిస్తే ఆ మోసం సాగదు. మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలంటే మూడూ చదునుగా ఉండి తీరాలి. ఏ కొలమానం సాయమూ లేకుండా చదునును పుట్టించే ఈ పద్ధతిని యంత్ర విద్యలోకెల్లా అందమైన ఆలోచనగా నేను భావిస్తాను. లేత్ బెడ్ మీద మనం చూసే ప్రతి అరుగుదలా అలా సాధించిన చదునులో కొంత పోగొట్టుకోవడమే.

ఇంటి గడప కాళ్లు పడే చోటే అరిగినట్టు, బెడ్ కూడా బండి ఎక్కువగా తిరిగే చోటే అరుగుతుంది. వర్క్‌షాపుల్లో వచ్చే జాబుల్లో ఎక్కువ పొట్టివే. అందువల్ల జాబ్‌ను పట్టి తిప్పే చక్‌కు దగ్గరగా ఉన్న అడుగున్నర, రెండడుగుల మేర బెడ్ బాగా అరిగి, ఎదుటి కొసన జాబ్‌కు ఆసరా ఇచ్చే టెయిల్‌స్టాక్ వైపు దాదాపు కొత్తగా మిగులుతుంది. రెండు పట్టాల్లోనూ పనివాడు నిలబడే వైపు ఉన్న ముందు పట్టా ఎక్కువ బరువు మోస్తుంది, కోత రజను కూడా దాని మీదే ఎక్కువగా పడుతుంది. యంత్రం ఉన్న వర్క్‌షాపులో బీడు జాబులు ఎక్కువగా తిప్పి ఉంటే, లేత్ పక్కనే గ్రైండింగ్ చేసి ఉంటే అరుగుదల మరింత వేగంగా సాగి ఉంటుంది.

ఈ అరుగుదల జాబ్ కొలతను ఎలా మారుస్తుందో లెక్క వేసి చూడటం అవసరం. 25 మిల్లీమీటర్ల వ్యాసమున్న కడ్డీని తిప్పుతున్నాం అనుకుందాం. టూల్ 0.1 మిల్లీమీటరు నిలువుగా కిందికి దిగితే కడ్డీ వ్యాసంలో వచ్చే తేడా ఒక మైక్రాను కూడా ఉండదు. అదే టూల్ 0.1 మిల్లీమీటరు అడ్డంగా పక్కకు జరిగితే వ్యాసం ఏకంగా 0.2 మిల్లీమీటర్లు మారుతుంది. అంటే అడ్డపు జరుగుడు నిలువు దిగుడు కన్నా వందల రెట్లు ప్రమాదకరం. ఇది చూసి, బెడ్ కిందికే కదా అరిగింది, పరవాలేదులే అనుకునేవారున్నారు. అది పొరపాటు. ముందు పట్టా ఒక్కటే 0.1 మిల్లీమీటరు అరిగిందనుకోండి. రెండు పట్టాల మధ్య దూరం 250 మిల్లీమీటర్లు, పట్టాల నుంచి టూల్ ఎత్తు 170 మిల్లీమీటర్లు ఉంటే, బండి ముందుకు వాలుతుంది. ఆ వాలులో టూల్ కొన జాబ్ నుంచి సుమారు 0.07 మిల్లీమీటరు దూరం జరుగుతుంది. వ్యాసం దాదాపు 0.14 మిల్లీమీటరు పెరుగుతుంది. బేరింగ్ కూర్చోవలసిన షాఫ్ట్‌కు ఇది చాలా పెద్ద తప్పు.

కాబట్టి యంత్రం చూడటానికి వెళ్లినప్పుడు ముందు రంగు సంగతి మరచిపోవాలి. అమ్మకానికి ముందు పూసిన కొత్త రంగు యంత్రం వయసును దాస్తుందే తప్ప అరుగుదలను తగ్గించదు. ఒక గుడ్డతో బెడ్‌ను తుడిచి, చక్ దిగువన బండి ఎప్పుడూ చేరని చోటు ఏదో చూడండి. అరగని ఆ కొస నుంచి అరిగిన పట్టా మీదికి వేలిగోరును మెల్లగా జరిపితే, అరుగుదల ఎక్కువగా ఉన్నచోట గోరుకు సన్నని మెట్టు తగులుతుంది. కంటికి కనపడని మెట్టు కూడా గోటికి తెలుస్తుంది. తరవాత బండిని చక్ దగ్గర నిలిపి, దాన్ని బెడ్‌కు బిగించే లాక్ బోల్టును కొంచెం బరువుగా కదిలేంత వరకే బిగించండి. ఇప్పుడు చేతిచక్రంతో టెయిల్‌స్టాక్ వైపు నడపండి. మధ్యలో బండి బిర్రుగా పట్టేసిందంటే చక్ దగ్గర పట్టా ఎంతో కొంత పలచబడిందన్నమాట. చివరిదాకా ఒకేలా నడిస్తే మంచి సూచన.

అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష కోత. అమ్మేవారిని అడిగి కరెంటు ఇప్పించి, చక్‌లో ఒక లావుపాటి కడ్డీ బిగించి, టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా టూల్‌ను అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్‌ను ముట్టుకోకుండా పలచని కోత ఒకటి నడిపించండి. మొదట్లో, మధ్యలో, చివర్లో మైక్రోమీటరుతో కొలవండి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. బెడ్ అరగకపోయినా, కింద నేల సమంగా లేక బెడ్ మెలితిరిగి ఉంటే కూడా కొలతలు తేడాగా వస్తాయి. మెలి వల్ల వచ్చే తేడా ఒక చివర నుంచి మరో చివరకు ఒకే వాలుతో పెరుగుతూ పోతుంది. యంత్రం కాళ్ల కింద షిమ్‌లు (పలచని రేకు ముక్కలు) సర్దితే అది పోతుంది. అరుగుదల వల్ల వచ్చే తేడా అలా నిలకడగా ఉండదు, ఒకచోట గుమిగూడుతుంది. షిమ్‌లతో అది పోదు. బెడ్‌ను విప్పి పెద్ద గ్రైండింగ్ యంత్రం మీదికి ఎక్కించాలి, లేదా చేత్తో స్క్రేపింగ్ చేయించాలి. ఆ ఖర్చు ఒక్కోసారి యంత్రం ధరను మించిపోతుంది.

చక్‌ను తిప్పే ఇరుసు, అంటే స్పిండిల్ సంగతి కొంత తేలిక. చక్‌ను తీసేసి, స్పిండిల్ లోపలి టేపర్‌కు డయల్ గేజ్ ఆనించి చేత్తో తిప్పి చూడాలి. చక్‌ను ఉంచే కొలిస్తే చక్ దోషాన్ని స్పిండిల్‌కు అంటగట్టే ప్రమాదం ఉంది. అరిగిన మూడు దవడల చక్‌లో జాబ్ 0.1 మిల్లీమీటరు ఊగినంత మాత్రాన స్పిండిల్ చెడ్డదని అర్థం కాదు. కాసేపు వేగంగా తిరగనిచ్చి స్పిండిల్‌ను మోసే హెడ్‌స్టాక్ మీద అరచేయి పెట్టి వేడి చూడండి, గేర్ల చప్పుడు వినండి. బేరింగులు మార్చుకోవచ్చు. విరిగిన గేరు పళ్లు మాత్రం తంటా.

మరలు కోసేటప్పుడు బండిని నడిపే లీడ్ స్క్రూలోనూ క్రాస్ స్లైడ్ స్క్రూలోనూ ప్లే ఉంటుంది, అంటే పిడి తిప్పినా కొంతసేపు ఏదీ కదలదు. డయల్ మీద పది పదిహేను గీతల ప్లే కనబడగానే బెదిరిపోనక్కర లేదు. ఎప్పుడూ ఒకే దిశ నుంచి కొలతకు రావడం టర్నర్లకు మొదటి రోజే నేర్పే అలవాటు, దాంతో ఈ లోపం పనికి అడ్డు రాదు. ఇత్తడి నట్ మారిస్తే చాలావరకు తగ్గుతుంది కూడా. చూడవలసింది ఆ ప్లే మధ్యలోనూ అంచుల్లోనూ ఒకేలా ఉందా అని.

లేత్‌తో పాటు వచ్చే, మరల కొలత మార్చే చేంజ్ గేర్లను లెక్కపెట్టుకోవాలి. లీడ్ స్క్రూ అంగుళాల లెక్కన ఉండి మెట్రిక్ మరలు కోయాలంటే 127 పళ్ల గేరు ఉండాలి. 1959 నుంచి అంగుళం అంటే కచ్చితంగా 25.4 మిల్లీమీటర్లు. దాన్ని ఐదుతో గుణిస్తే 127. ఇది ప్రధాన సంఖ్య కాబట్టి చిన్న గేర్లను జతచేసి దాని పని కచ్చితంగా చేయించలేం. ఆ ఒక్క గేరు పోయి ఉంటే సరిచూసి బేరమాడండి.

మిల్లింగ్ మెషిన్‌లో ప్లే కథ వేరు. లేత్‌లో టూల్ ఎప్పుడూ ఒకే వైపు నెట్టుకు గురవుతుంది. మిల్లింగ్ కట్టర్ పళ్లు టేబుల్ నడిచే దిశలోనే కోస్తే, జాబ్‌ను టేబుల్‌తో సహా తన వైపు లాక్కుంటాయి. స్క్రూలో ప్లే ఎంత ఉంటే టేబుల్ అంత దూరం ఒక్క ఉదుటున దూకుతుంది, కట్టర్ విరుగుతుంది. అందుకే పాత మిల్లింగ్ మెషిన్ మీద పళ్లకు ఎదురుగా జాబ్‌ను నడపడం క్షేమం. టేబుల్ స్క్రూ మధ్య భాగం ఎక్కువగా అరుగుతుంది గనుక మధ్యలో బిగించిన నట్ అంచుల్లో పట్టేస్తుందేమో చూడాలి. నిలువు మెషిన్ అయితే స్పిండిల్‌కు డయల్ గేజ్ కట్టి టేబుల్ మీద గుండ్రంగా తిప్పండి. తల వాలి ఉంటే సరిచేసుకోవచ్చు. టేబుల్ మధ్యలో గుంటపడి ఉంటే అది వేరే సంగతి. డ్రిల్లు దిగిన గుంటలు టేబుల్ మీద ఎన్ని ఉన్నాయన్నది పాత యజమాని శ్రద్ధకు నమ్మకమైన గుర్తు.

ఇంటికి రెండు యంత్రాలూ ఒకేసారి తెచ్చుకోవాలని తొందరపడవద్దని నా సలహా. మొదట లేత్ తెచ్చుకుని చేయి కుదిరాక మిల్లింగ్ వైపు చూడటం మేలు. పేరున్న కంపెనీ యంత్రమైతే కొలతలూ విడిభాగాలూ తెలిసినవారు దొరుకుతారు. 1953లో బెంగళూరులో మొదలైన హెచ్ఎంటీ, హరిహర్‌లోని మైసూర్ కిర్లోస్కర్ లేత్‌లు దేశమంతటా తిరిగాయి. 1943లో సికింద్రాబాదులో ఏర్పడిన ప్రాగా టూల్స్ మన దగ్గరి యంత్రాలకు, చక్‌లకు మంచి పేరు తెచ్చింది. ఇక ఫోర్ జా చక్, స్టెడీ, వైస్, కొల్లెట్లు, టూల్ హోల్డర్లు వేరుగా కొంటే అసలు యంత్రం ధరకు చేరువవుతాయి. ఇవన్నీ ఇస్తానన్నవారికి కొంత ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

మోటారు పేరుపలకను తప్పక చదవండి. పాత మోటార్లు ఎక్కువగా మూడు ఫేజులవి, ఇళ్లలో ఎక్కువగా సింగిల్ ఫేజు. పలక మీద 230/415 వోల్టులని ఉంటే కనెక్షన్‌ను స్టార్ నుంచి డెల్టాకు మార్చి, సింగిల్ ఫేజు తీసుకుని మూడు ఫేజులు ఇచ్చే వీఎఫ్‌డీతో నడపవచ్చు. 415 మాత్రమే ఉంటే మోటారు మార్చాలి, లేదా ఇంటికి మూడు ఫేజుల కనెక్షన్ తీసుకోవాలి. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి. ఆపే మీట చేతికందేలా పెట్టించుకోండి. వదులు చొక్కాతో, చేతి తొడుగులతో తిరిగే చక్ దగ్గరికి ఎప్పుడూ వెళ్లకండి.

తరలించేటప్పుడు మిల్లింగ్ మెషిన్ తల బరువుతో పక్కకు ఒరుగుతుంది. తలను తిప్పి కిందికి వాల్చి, టేబుల్‌ను బాగా దించి కట్టాలి. లేత్‌కు తాడు వేసేటప్పుడు లీడ్ స్క్రూ మీద బరువు పడితే అది వంగుతుంది. కాబట్టి తాడుకూ స్క్రూకూ మధ్య చెక్క దిమ్మలు పెట్టి ఎడంగా నిలపండి. ఇంటికి వచ్చాక మీటరుకు 0.02 మిల్లీమీటరు చూపే లెవెల్‌ను బండి మీద అడ్డంగా పెట్టి, బండిని రెండు చివరలకూ నడిపి, బుడగ ఒకేచోట నిలిచేదాకా కాళ్ల కింద షిమ్‌లు సర్దండి. కొత్త కాంక్రీటు నేల ఆ బరువు కింద నెమ్మదిగా సర్దుకుంటుంది కనుక కొన్ని వారాల తరవాత లెవెల్‌ను మళ్లీ పెట్టి చూసి, ఆపైనే కోత పరీక్ష కొలతలను రాసి ఉంచుకోండి.