గాయానికి తడి, కట్టుకు నురుగు: వైద్యంలో పాలిమర్ నురుగుల రసాయన సవరణ

కీలక పదాలు: పుండు, రసి, పాలీయురేథేన్, పాలీవినైల్ ఆల్కహాల్, కైటోసాన్, మధుమేహ పాదవ్రణం

1. ఆరడం, మానడం

పుండు తగ్గిందని చెప్పడానికి తెలుగులో 'ఆరింది', 'ఎండింది', 'పక్కు కట్టింది' అనే మాటలు వాడుకలో ఉన్నాయి. మానడమంటే ఎండడమేనన్న లోకానుభవం ఈ పలుకుబళ్లలో స్థిరపడింది. అయితే 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు ప్రకటించిన ఫలితం ఈ నమ్మకాన్ని కదిలించింది. పందుల చర్మంపై చేసిన లోతులేని గాయాలలో కొన్నింటిని ఆయన గాలికి వదిలి, మరికొన్నింటిని పలుచని పాలిథీన్ పొరతో కప్పాడు. కప్పిన గాయాలపై కొత్త పైచర్మం సుమారు రెట్టింపు వేగంతో పరచుకుంది. మరుసటి ఏడాది మనుషుల చర్మంపై జరిగిన పరిశీలన కూడా ఇదే దిశను చూపింది. పక్కు కట్టిన చోట కొత్త కణాలు ఎండిన పొర అడుగున తడి ఉన్న లోతును వెదుక్కుంటూ పాకవలసి ఉంటుంది. తడి ఆరని ఉపరితలం మీదనైతే అవి తిన్నగా సాగిపోతాయి.

తడి మంచిదన్నంత మాత్రాన ఎంత తడైనా మంచిదే అనుకోరాదు. మానని పుండు నుంచి కారే రసిలో మాంసకృత్తులను కరిగించే ఎంజైములు అధికంగా ఉంటాయి. ఆ రసి నిలిచిపోతే చుట్టూ ఉన్న మంచి చర్మం కూడా నాని, తెల్లబడి, చిట్లిపోతుంది. గాజ్ గుడ్డ రసిని పీల్చుకుంటుంది గాని, ఎండిన తరువాత పుండుకు అంటుకుపోతుంది. ఊడదీసినప్పుడు నొప్పితో పాటు కొత్తగా పుట్టిన కణజాలం కూడా ఊడివస్తుంది. మిగులు రసిని లాగుతూనే పుండును ఎండనివ్వని కట్టు కావలసి వచ్చింది. పాలిమర్ నురుగులు ఈ అవసరాన్ని తీర్చేవాటిలో ముఖ్యమైనవి.

2. ఒక మిథైల్ సమూహం చేసే తేడా

ఈ కట్టులలో అత్యధికం పాలీయురేథేన్‌తో తయారవుతాయి. 1937లో జర్మనీలో ఒటో బేయర్, ఆయన సహచరులు కనుగొన్న ఈ పదార్థంలో రెండు భాగాలు ఉంటాయి: ఐసోసయనేట్ ఒకటి, పలు హైడ్రాక్సిల్ సమూహాలుగల పాలియాల్ మరొకటి. ఐసోసయనేట్ నీటితో కలిసినప్పుడు మొదట ఏర్పడే కార్బామిక్ ఆమ్లం నిలువలేక విడిపోయి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. గట్టిపడుతున్న ముద్దలో ఆ వాయువు బుడగలు కట్టగా నురుగు ఏర్పడుతుంది. పులిసిన దోసెపిండిని పొంగించేదీ ఈ వాయువే. అక్కడ పని సూక్ష్మజీవులది, ఇక్కడ రసాయన చర్యది.

నురుగు నీటితో ఎలా ప్రవర్తిస్తుందో నిర్ణయించేది ప్రధానంగా పాలియాల్. పాలీప్రొపిలీన్ గ్లైకాల్ వాడితే పరుపులలో కనిపించే, నీటిని అంతగా ఇష్టపడని నురుగు వస్తుంది. పాలీఇథిలీన్ గ్లైకాల్ వాడితే నీటిని తనలోకి తీసుకొని ఉబ్బే నురుగు వస్తుంది. ఈ రెండు గొలుసుల పునరావృత భాగాల మధ్య తేడా ఒక్క మిథైల్ సమూహమే. అది లేనిచోట గొలుసులోని ఆక్సిజన్ అణువులు నీటితో హైడ్రోజన్ బంధాలను సులువుగా ఏర్పరచుకుంటాయి. ఉన్నచోట నీటికి అడ్డు తగులుతుంది. కంటికి రెండూ ఒకే విధంగా కనిపించే స్పాంజి ముక్కలే కావడం విశేషం.

సవరణ అంతటితో ఆగదు. పుండును తాకే వైపు మృదువైన సిలికోన్ పొరను చేరుస్తారు. అది పొడి చర్మానికి అంటుకుంటుంది గాని తడి పుండుకు అంటదు. వెలుపలి వైపు ఉండే పలుచని పాలీయురేథేన్ పొర నీటి ఆవిరిని బయటికి పోనిస్తూ, బాక్టీరియాను లోనికి రానివ్వదు. పీల్చిన రసిలో కొంత ఈ దారిన ఆవిరైపోతుంది కనుకనే కట్టును రోజూ మార్చవలసిన అవసరం తగ్గుతుంది.

నీటిని ఇష్టపడని నురుగు వైద్యానికి పనికిరాదని భావించడం పొరపాటు. 1997లో అమెరికాకు చెందిన ఆర్జెంటా, మోరిక్వాస్ వివరించిన ఋణపీడన చికిత్సలో, గాయంలో అమర్చిన నురుగును పొరతో మూసి, వాతావరణ పీడనం కంటే 125 మిల్లీమీటర్ల పాదరసం మేర తక్కువ పీడనంతో రసిని నిరంతరం బయటికి లాగుతారు. ఇక్కడ నురుగు ద్రవాన్ని దాచుకోరాదు, దారి ఇవ్వాలి. అందుచేత సుమారు 400 నుండి 600 మైక్రోమీటర్ల తెరచిన రంధ్రాలుగల నల్లని పాలీయురేథేన్ నురుగును వాడతారు. ఆ రంధ్రాలలోకి కణజాలం చొచ్చుకుపోయే ప్రమాదం ఉన్నచోట తెల్లని పాలీవినైల్ ఆల్కహాల్ నురుగును ఎంచుకుంటారు. పాలీవినైల్ ఆల్కహాల్ సహజంగా నీటిలో కరిగే పాలిమర్. ఆమ్లం సమక్షంలో ఫార్మాల్డిహైడ్ దాని హైడ్రాక్సిల్ సమూహాలను జతపరచగా కరగని స్పాంజి సిద్ధమవుతుంది. ఎండితే చెక్కలా బిగుసుకొని, తడిస్తే మెత్తబడడం దీని స్వభావం. మిగిలిపోయిన ఫార్మాల్డిహైడ్‌ను పూర్తిగా కడిగివేయకపోతే మందే విషమవుతుంది.

3. రొయ్య పెంకు నుండి

రక్తస్రావాన్ని ఆపడానికి వాడే నురుగులలో కైటోసాన్‌ది ప్రత్యేక స్థానం. దీనికి మూలమైన కైటిన్ రొయ్యలు, పీతల పెంకులలో లభిస్తుంది. పెంపకపు రొయ్యల ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం కనుక, శుద్ధి కర్మాగారాల వద్ద పోగుపడే తలలు, పెంకులు ఈ పరిశ్రమకు ముడిసరుకు కాగలవు. పెంకులోని సున్నపు పదార్థాన్ని ఆమ్లంతోనూ, మాంసకృత్తులను పలుచని క్షారంతోనూ తొలగించి, ఆపై గాఢ క్షారంలో వేడిచేస్తే ఎసిటైల్ సమూహాలు ఊడి ఎమైన్ సమూహాలు బయటపడతాయి. ఆమ్ల మాధ్యమంలో ఇవి ధనావేశం పొంది, ఋణావేశం గల ఎర్ర రక్తకణాలను దగ్గరకు లాగుతాయి. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో శ్రీనివాస రాఘవన్ బృందం మరొక అడుగు వేసి, కొన్ని ఎమైన్ సమూహాలకు కొవ్వు స్వభావంగల తోకలను అతికించింది. ఆ తోకలు రక్తకణాల పొరలలో గుచ్చుకొని కణాలను ఒకదానితో ఒకటి వలలా అల్లుతాయి. ఈ అల్లిక శరీరపు గడ్డకట్టే ప్రక్రియపై ఆధారపడదు.

4. పుండును బట్టి కట్టు

ఇంత రసాయన నైపుణ్యం ఉన్నా, నురుగు కట్టు పుండును మాన్పుతుందని అనడం సరికాదు. మానడానికి అనువైన తడిని మాత్రమే అది కాపాడుతుంది. మధుమేహ పాదవ్రణాల విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం. ఈ పుండ్లు నురుగు కట్టుతో ఇతర కట్టుల కంటే త్వరగా మానుతాయనడానికి తగిన ఆధారం లేదని 2013 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. వెండి వంటి సూక్ష్మజీవనాశకాలను చేర్చిన కట్టులను కేవలం పుండు మానడం కోసం వాడవద్దని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి. రసి మోతాదు, రోగి సౌకర్యం, ఖర్చు అనే మూడింటిని బట్టి కట్టును ఎంచుకోవడమే వివేకం. ఖరీదైన కట్టు కొన్న కుటుంబానికి ఈ మాట ముందే తెలియడం అవసరం.

నరాలు దెబ్బతిని నొప్పి తెలియని పాదం మీద మనిషి నడుస్తూనే ఉంటాడు. అరికాలి పుండుపై ఆ బరువు పడకుండా చూడడం, కాలికి రక్తం అందుతున్నదో లేదో పరీక్షించడం, చీమును, చనిపోయిన కణజాలాన్ని తొలగించడం జరిగిన తరువాతనే కట్టు ప్రస్తావన రావాలి. రక్తప్రసరణ ఆగి నల్లగా ఎండిపోయిన కాలివేలికి నురుగు కట్టుతో పనిలేదు. అక్కడ పీల్చుకోవడానికి రసి ఉండదు, కావలసింది రక్తనాళాల వైద్యుడు.