విద్యుత్తుబండి మన పనికి వచ్చునా?

కమలాపురమునుండి కడపకు కూరగాయలు చేరవేయు గృహిణికి పోకయు రాకయు కలిసి సుమారు 50 కిలోమీటర్లు. అట్టి యామెకు విద్యుత్తుతో నడచు బండి లాభకరమా?

2022వ సంవత్సరమున వెలువడిన టాటా ఏస్ విద్యుత్తుబండి, ఒకమారు బ్యాటరీ నింపినచో 154 కిలోమీటర్లు నడచునని పరీక్షలో తేలినది. నిండు బరువుతో, మన వేసవి యెండలో నంత దూరము రాకపోవచ్చును. సగమే వచ్చినను నాటి పని నెరవేరును.

డీజిలు ఖర్చు తప్పును గాని బండి వెల యెక్కువ. దినదినము తిరిగినగాని యా యప్పు తీరదు. వారమున కొకనాడు పోవువారికి బాడుగబండియే మేలు. ఎండనుండి వచ్చిన బండిని నీడను చల్లారనిచ్చి, రాత్రివేళ విద్యుత్తు నింపుడు. ఇంటి ఎర్తుతీగె సరిగ నున్నదా యని ముందే చూపించుకొనుడు.

అప్పుపత్రముపై సంతకము చేయుటకు ముందు మీ దారి పొడవును లెక్కింపుడు.