మీకు తెలుసా? ఇంట్లో దాచిన యాంటీబయాటిక్ అక్కరకు రావడం అరుదు

మాత్రల షీటు వెనక, ఒక పక్కగా నిలువునా ఉండే ఎర్ర గీతను ఎప్పుడైనా గమనించారా? డాక్టరు చీటీ లేకుండా ఆ మందు వాడొద్దని దాని అర్థం. అయినా అర్ధరాత్రి జ్వరమొస్తే డాక్టరు దొరకడేమోనని అజిత్రోమైసిన్ షీటొకటి దాచుకునేవాళ్లున్నారు. ఆ భయం అర్థం లేనిదేమీ కాదు. కానీ జలుబు, ఫ్లూ, డెంగీ వైరస్‌ల వల్ల వచ్చేవి; యాంటీబయాటిక్ పనిచేసేది బ్యాక్టీరియా మీద. నీళ్ల విరేచనాలకు ముందుగా కావాల్సింది ఓఆర్‌ఎస్. పైగా ముందే రెండు మాత్రలు వేసుకుంటే, తర్వాత చేసే బ్లడ్ కల్చర్‌లో క్రిమి దొరక్కపోవచ్చు. టైఫాయిడ్‌ను తేల్చుకోవడం కష్టమవుతుంది.

గడువు దాటినా మందు పనిచేస్తుంది కదా అంటారు. అమెరికా సైన్యం నిల్వలపై 1986లో మొదలైన పరీక్షల్లో చాలా మందులు గడువు తర్వాతా బాగానే ఉన్నమాట నిజమే. అయితే అవి సీలు విప్పకుండా, తగిన ఉష్ణోగ్రతలో ఉంచినవి. రోహిణీ కార్తె ఎండల్లో పొయ్యి పక్క అలమరలో నలిగిన సగం షీటు సంగతి వేరు. పిల్లలకిచ్చే అమాక్సిసిలిన్ పొడి సిరప్ అయితే నీళ్లు కలిపాక చాలావరకు వారమే. ఇక నిజంగానే ఆసుపత్రికి రోజుల దూరంలో ఉండబోయేవారికి డాక్టరే ముందుగా మందు రాసివ్వొచ్చు. అప్పుడు ఏ లక్షణానికి, ఎంత మోతాదు, ఎన్నాళ్లు అన్నది కాగితం మీద ఉంటుంది.