ఒక్క ‘అవకాశం’, మూడు ఆంగ్ల పదాలు

దూలపల్లిలో మబ్బులు కమ్ముకుంటే ‘వర్షం పడే అవకాశం ఉంది’ అంటాము. ఉద్యోగం దొరికినా అవకాశమే, జ్వరం తిరగబెట్టేలా ఉన్నా అవకాశమే. ఆంగ్లంలో తరచుగా వేర్వేరు పదాలు వాడతారు. కలిసివచ్చిన అవకాశం ‘ఆపర్చునిటీ’; జరిగినా జరగవచ్చు అన్నది ‘పాసిబుల్’; జరిగే సూచనలే ఎక్కువైతే ‘లైక్లీ’.

జ్వరం మళ్ళీ వస్తుందేమోనని వైద్యుణ్ణి అడిగేటప్పుడు ‘హౌ మచ్ లైక్లీ’ అనరాదు. ‘హౌ లైక్లీ ఈజ్ ద ఫీవర్ టు రిటర్న్?’ అనాలి. ఆయన ‘పాసిబుల్’ అంటే గమనిస్తూ ఉండమని, ‘లైక్లీ’ అంటే సిద్ధంగా ఉండమని గ్రహించాలి. తేడా తెలియకపోతే అనవసరపు ఆందోళన, లేదా అజాగ్రత్త.

రేపటి సంగతి అల్లాహ్‌కే తెలుసు; అందుకే ‘ఇన్‌షా అల్లాహ్’ అంటాము. అయినా మన అంచనాను ఉన్నదున్నట్లు చెప్పడం మన బాధ్యతే. పిల్లలకు ఈ తేడా ఇంట్లోనే నేర్పుదాము.